ఇరవై ముగ్గురు కోటయ్యల్ని ఒక్కణ్ణి చేసిన మొనగాడు

ఒకే ఒక్క మధ్యాహ్నంలో నేను ఇరవై ఇద్దరు మనుషుల్ని మాయం చేశాను. వాళ్లెవరూ చావలేదు, ఊరు విడిచి పోలేదు. ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని చుట్ట కాల్చుకుంటూనే ఉన్నారు. కంప్యూటర్లో మాత్రం వాళ్లందరి బదులు ఒకే ఒక మహాపురుషుడు మిగిలాడు. ఆయనకి వయసు లేదు, తండ్రి పేరు లేదు, పద్దెనిమిది వందల టిక్కీల ఎండుమిరపకాయలు మాత్రం ఉన్నాయి. ఈ సృష్టికార్యం చేసిన నా తెలివి ఎలాంటిదో ఇప్పుడు విప్పి చెబుతాను. మధ్యలో ఎక్కడా నా మీద జాలిపడకండి. నేను పడటం లేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మంగళగిరిలో కింద చేనేత చీరల కొట్టు, పైన మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మెళ్లో వేసుకోమని వాళ్లిచ్చిన గుర్తింపు కార్డుని నేను కూరగాయల బజారుకి వెళ్లినా తీసేవాణ్ణి కాదు. వంకాయలు అమ్మే ఆవిడ అది చూసి నన్ను బస్సు కండక్టరనుకుంది. అయినా నాకు సిగ్గు రాలేదు.

నా పేరు కోటేశ్వరరావు. మా వైపు వాళ్లకి ఇప్పటికే విషయం అర్థమై ఉంటుంది. మిగతావాళ్లకి చెప్పాలి. కోటప్పకొండ కనిపించేంత మేర పుట్టిన మగపిల్లల్లో సగం మంది కోటయ్యలే. పిల్లలు లేక మొక్కుకుంటే కోటయ్య, పుట్టినవాడికి జ్వరం తగ్గితే కోటయ్య, ఏ పేరూ తోచకపోతే కోటయ్య. మా పదో తరగతిలో ఐదుగురం ఉండేవాళ్లం. మాస్టారు ప్రైజు ఇవ్వడానికి పిలిస్తే ఐదుగురం లేచేవాళ్లం, బెత్తం పట్టుకుని పిలిస్తే ఒక్కడూ లేచేవాడు కాదు. ఇంత చరిత్ర ఉన్న పేరు నాకు నామోషీ అనిపించింది. ఆఫీసులో చేరిన రోజే నా పేరు 'కేటీ' అని చెప్పుకున్నాను. మా అమ్మ ఫోన్లో "ఒరేయ్ కోటిగా" అంటే ఎవరికైనా వినపడుతుందేమోనని మెట్ల మీదికి పోయి మాట్లాడేవాణ్ణి.

ఆ కేటీ గారికి ఒక పని అప్పజెప్పారు. వినుకొండ వెళ్లే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. ఊరి పేరు చెప్పను, ఇప్పటికీ నేను ఆ దారిన బస్సెక్కాలి. కల్లంలో కాయలు ఎండాక ధర నచ్చని రైతు వాటిని టిక్కీల్లోకి, అంటే పెద్ద గోనెసంచుల్లోకి తొక్కించి ఇలాంటి చోట దాచుకుంటాడు. లోపల ఆకాశమంత ఎత్తు చలిగదులు, అరల మీద అరలు. ఎవరి టిక్కీలు ఏ గదిలో ఏ అరలో ఉన్నాయో గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం ఒకటి ఎవరో పుణ్యాత్ముడు ఏనాడో రాసిపెట్టాడు. అది పైతాన్ అనే కంప్యూటర్ భాషలో, దాని రెండో వెర్షన్లో ఉంది. మూడోది వచ్చి ఏళ్లు గడిచాయి. రెండోదాన్ని ఇక మేం చూడమని దాని పెద్దలే చేతులు దులిపేసుకున్నారు. దాన్ని మూడో వెర్షన్లోకి మార్చి కొత్త కంప్యూటర్లో పెట్టడం నా పని.

మా మేనేజరు సుధారాణి గారు తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం రెండు మాటలు ఎక్కువే చెప్పారు. పాతదాన్లో అర్థం కానిది కనిపిస్తే తీసెయ్యకు, అది అక్కడెందుకు ఉందో అక్కడివాళ్లని అడుగు అన్నారు. నేను తల ఊపాను. చెవులున్న చోట నాకు అప్పుడు ఇయర్‌ఫోన్లు ఉండేవి.

వారం రోజుల పనికి మూడు రోజులు చాలన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ప్రోగ్రామరు పొద్దే కాదు, ఎదురుగా ఉన్న మనిషినీ ఎరగడు.

ఎదురుగా ఉన్న మనిషి డేనియల్ గారు, ఆ కోల్డ్ స్టోరేజీ గుమాస్తా. అరవై దాటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. వాళ్ల చర్చిలో సంఘపెద్ద. ఆయన నోటి నుంచి 'వెధవ' అన్న మాటైనా విన్నవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆయన బల్ల మీద అట్ట వేసిన పొడుగు పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉండేది. వచ్చిన ప్రతి టిక్కీని ముందు పుస్తకంలో రాసుకుని, తర్వాతే కంప్యూటర్లో ఎక్కించేవారు. ఇంకా పుస్తకమేమిటండీ అని నేను వెక్కిరించాను. అలవాటు బాబూ అన్నారు. అలవాట్లు మార్చుకోవాలండీ అని ఆయనకి ఉపదేశం చేశాను. మా తాత వయసు ఆయనది.

పాత ప్రోగ్రాం తెరిచి చూడగానే నాకు పూనకం వచ్చింది. రాసినవాణ్ణి పేరు తెలియకుండానే తిట్టాను. ఇది రాసిన చేతులు కోడింగుకి పనికిరావు, ఎరువు చల్లడానికి పనికొస్తాయి అని మా ఆఫీసు గ్రూపులో పోస్టు పెట్టాను. పన్నెండు మంది నవ్వు బొమ్మలు పంపారు. ఆ పోస్టు ఇప్పటికీ ఉంది, అప్పుడప్పుడూ తెరిచి చూసి నన్ను నేను తిట్టుకుంటాను.

పని సాఫీగానే నడిచింది, ఒక్క చోట తప్ప. ప్రతి రైతు వివరాల్లో చివర ఒక గడి ఉంది. దాని నిండా దయ్యం పట్టినవాడు టైపు కొట్టినట్టు పిచ్చి గీతలూ, చుక్కలూ, మీసాలూ. అసలు సంగతేమిటంటే అది తెలుగే. పాతకాలపు తెలుగు ఫాంటులో కొట్టింది. ఆ పాత కంప్యూటర్లో చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ఇంకెక్కడ చూసినా గీతలూ మీసాలూ. రెండో వెర్షన్ పాతకాలపు మనిషి, ఏదిచ్చినా అడగకుండా పుచ్చుకునేది. మూడోది పట్టుదల మనిషి. ఇది అక్షరమా కాదా తేల్చి చెప్పు, చెబితేనే అడుగు వేస్తానని మొరాయించింది. రెండు రోజులు బతిమాలాను. మూడో రోజు, నా మొనగాడితనానికి గడువు ముగిసే రోజు, నాకొక ఉపాయం తోచింది. 'చదవలేనిది కనిపిస్తే వదిలెయ్' అని ఒకే ఒక్క మాట రాశాను. ప్రోగ్రాం గడగడా నడిచిపోయింది. ఆ గడి మొత్తం ఖాళీ అయి, అద్దంలా మెరిసింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

అదే సమయానికి డేనియల్ గారు టీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడ్డారు.

"బాబూ, ఆ చివరి గడి కొత్తదాన్లోకి వచ్చిందా?"

"అది చెత్తండీ. తీసేశాను."

"చెత్తా?"

"చెత్తేనండి. చూడండి, ఇప్పుడెంత శుభ్రంగా ఉందో."

ఆయన ఏదో చెప్పబోయారు. నా మెళ్లో కార్డు చూశారు, నా చెవుల్లో తీగలు చూశారు. "సరే బాబూ" అని గ్లాసు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ఆ గ్లాసు కడిగే లోపు నేను లేచి వెళ్లి, అందులో ఏముందండీ అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ లేదు. అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుందని భయం.

ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను ఇల్లు అలకడంతో ఆగకుండా గోడలు కూడా తీసేశాను. ఆ గడి ఖాళీ అయ్యాక కొత్త ప్రోగ్రాం నాకొక సంగతి చూపించింది. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు: కె. కోటేశ్వరరావు. ఇరవై మూడు సార్లు ఉంది. వీళ్లని విడదీసే తేడా ఏదీ లేదు. ఉన్న ఒక్క తేడానీ అప్పుడే నేను ఊడ్చేశాను కదా. ఏ బుద్ధిలేనివాడో ఒకే మనిషిని ఇరవై మూడు సార్లు ఎక్కించాడని తేల్చుకుని, అందరినీ ఒక్కణ్ణి చేసి పారేశాను. కోస్తాలో ఇంకెవడైనా ఈ పని చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు. చేసింది ఐదుగురు కోటేశ్వరరావులున్న క్లాసులో చదివిన కోటేశ్వరరావు.

పాత కాపీ ఒకటి దాచి ఉంచాలి కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. దాచాను. శుభ్రం చేసిన దాన్నే తీసుకెళ్లి పాత కాపీ మీద రాసి, దాని పేరు మాత్రం 'పాతది' అని ఉంచాను. పాత కంప్యూటర్ని కూడా ఎవరూ చెప్పకుండానే తుడిచేసి, అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి ఇచ్చాను.

వెళ్లే ముందు ఒక నివేదిక కూడా అచ్చు తీసి యజమాని ప్రసాదరావు గారి చేతికిచ్చాను. అందులో పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: 'చెత్త తొలగించబడినది. నకిలీ రైతులు ఇరవై ఇద్దరు తొలగించబడినారు. ఇట్లు, కేటీ.' ఆయన మురిసిపోయి దాన్ని గుమాస్తా కుర్చీ వెనక గోడకి అంటించారు. ఇక పుస్తకం అక్కర్లేదనీ, డేనియల్ గారికి విశ్రాంతి ఇవ్వొచ్చనీ కూడా నేనే సలహా ఇచ్చాను. డేనియల్ గారు తన సొంత పుస్తకాన్ని సంచిలో వేసుకుని, మోపెడ్ మీద ఇంటికి వెళ్లిపోయారు.

రెండు నెలలు హాయిగా గడిచాయి. తొలకరి పడే ముందు మిరపకాయల ధర కాస్త లేచింది. కోటయ్యలు కదిలారు.

మొదట వచ్చిన కోటయ్యకి చొక్కా కాలరుకి వెనక గొడుగు వేలాడుతోంది. ప్రసాదరావు గారే కంప్యూటర్ ముందు కూర్చుని పేరు కొట్టారు. కొట్టి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. మీవి పద్దెనిమిది వందల టిక్కీలున్నాయే అన్నారట. ఆ కోటయ్య వేసింది నలభై. అవి కూడా తాలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. అయినా కనురెప్ప ఆర్పలేదు.

"వేసినప్పుడు నలభయ్యే. చల్లగా ఉండి పిల్లలు పెట్టాయేమో. మంచి గదులండీ మీవి" అన్నాడట.

నలభై చాలు, మిగతావి తర్వాత చూసుకుందామని ఉదారంగా ఒప్పుకున్నాడు. కంప్యూటర్ చూపించిన మొదటి అర నుంచి ముఠా కూలీలు నలభై టిక్కీలు దించారు. దించినవి తాలు కాదు, నిగనిగలాడే తేజ రకం కాయలు. ట్రాక్టరు గేటు దాకా వచ్చింది గానీ గేటు దాటలేదు, ఎందుకంటే ఇంకో కోటయ్య భార్య అంజమ్మ గారు దానికి అడ్డంగా నిలబడింది. ఆ టిక్కీల మూతులు కుట్టింది తనేననీ, తన కుట్టు తనకి తెలుసనీ అంది. కుట్టు మీద పేరు రాసుంటుందా అని గొడుగు మనిషి అడిగాడు. కంప్యూటర్ని అడిగితే అన్నీ ఒకే కోటయ్యవని చెప్పింది. ఆ ఒకే కోటయ్య తానేనని ఇద్దరూ అన్నారు. సాయంత్రానికి కబురు ఊరంతా పాకి, మర్నాడు పొద్దున్నే ఇరవై మూడు కుటుంబాలు గేటు దగ్గరికి చేరాయి.

సుధారాణి గారు నన్ను పిలిచి, నువ్వే వెళ్లు అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "అక్కడ కేటీ అని చెప్పుకోకు, కొడతారు."

బస్సు దిగి నేను లోపలికి వెళ్లేసరికి అందరూ చెట్టు నీడ లేని ఆవరణలో తువ్వాళ్లు నెత్తిన వేసుకుని కూర్చుని ఉన్నారు. రసీదులు చూపించమన్నాను. కొందరివి పెట్టెల్లో ఉన్నాయి, ఒకరిది చొక్కాతో పాటు ఉతికించారు. ఉన్నవాళ్లవి తీసుకుని నంబర్లు కొట్టి చూశాను. ఏ నంబరు కొట్టినా నేను తయారుచేసిన ఆ మహాపురుషుడి దగ్గరికే తీసుకెళ్లింది. సంచుల మీద ఎర్రరంగుతో గుర్తులుంటాయి కదా అని లోపలికి పరిగెత్తి చూశాను. ఉన్నాయి. అందరివీ 'కె.కె.'

బయటికి వచ్చి, సాంకేతిక సమస్య అన్నాను. అంజమ్మ గారు లేచి నా ముందుకి వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఏడాదంతా నడుం వంచి కోసిన కాయలు. లోపలే ఉన్నాయంటున్నావు, ఎవరివో తెలీదంటున్నావు. మరి నీకు తెలిసిందేంటి నాయనా?"

నిజంగా ఏమీ లేదు. నా ఉద్యోగం పోతుందేమోనన్న దిగులు అప్పటిదాకా ఉంది, అది ఆవిడ చేతులు చూశాక పోయింది. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్లు ఎర్రగా పొక్కి ఉన్నాయి. ఆ నలభై టిక్కీలు తప్ప ఆ ఇంటికి ఆ ఏడు ఇంకేమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెత. నేను ముందే ఆకులు కూడా తగలబెట్టి వచ్చాను.

ఒక్క ఆకు మిగిలింది, అది డేనియల్ గారి సంచిలో ఉంది. ప్రసాదరావు గారు నన్ను ఆయన మోపెడ్ దారినే పంపించారు. డేనియల్ గారు చర్చి ముందు బల్లలకి రంగు వేస్తున్నారు. నేను తప్పు ఒప్పుకోవడానికి మూడు వాక్యాలు దారిలో తయారుచేసుకున్నాను, నోట్లోంచి ఒకటే వచ్చింది. "అది చెత్త కాదండీ." ఆయన కుంచె కడిగి, చేతులు తుడుచుకుని, ఇంట్లోకి వెళ్లి పుస్తకం తెచ్చారు.

అందులో అన్నీ ఉన్నాయి. తేదీ, టిక్కీలు ఎన్ని, ఏ గది, ఏ అర. కోటయ్యల వరసల్లో ఒక్క పేరు మాత్రం లేదు. ఎందుకు లేదని అడిగాను.

"అందరిదీ ఒకటే పేరు కదా బాబూ. మళ్లీ మళ్లీ రాయడం దేనికి, సిరా దండగ."

పేరుకి బదులు ప్రతి వరస చివరా ఒక మాట ఉంది. గొడుగు. పరీక్షలు. పెసరట్టు. బుల్లెట్. కోర్టు. రేపొస్తా. కోడి. ఇలా ఇరవై మూడు. ఊళ్లో ఏ కోటయ్యని ఏమని పిలుస్తారో, ఎక్కువగా వెనక నుంచి ఏమని పిలుస్తారో, అది. కంప్యూటర్లో ఆ చివరి గడిలో ఉన్నదీ ఇదే. నేను చెత్త అని ఊడ్చి పారేసింది ఇదే. మా క్లాసులో నన్ను 'బొండాం కోటిగాడు' అనేవారు. ఆ మాట లేకపోతే నా మార్కులు నాకు వచ్చేవి కావు.

వాళ్లలో ఎవరెవరో చెప్పండి చాలు, దణ్ణం పెడతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"రాయడం నా ఉద్యోగం, రాశాను. మనిషి మొహాన అనడం మాత్రం నా వల్ల కాదు బాబూ. సంఘంలో పెద్దగా ఉన్నాను. మీరు పిలవండి. నేను పక్కన కూర్చుంటాను. సరైనవాడు లేస్తే తలూపుతాను."

ప్రసాదరావు గారు ఇంకో షరతు పెట్టారు. ఒకసారి ఒకరి సరుకు ఇంకొకరికి దించి దెబ్బ తిన్నారు కాబట్టి, అందరి ముందూ ఎవరి నోటితో వాళ్లు ఆ గుర్తు తమదేనని ఒప్పుకుంటేనే టిక్కీలు కదులుతాయన్నారు. ట్రాక్టర్లని వరసగా పిలవడానికి గేటు దగ్గర ఒక మైకుంది. అది తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ విధంగా, పరాయి ఊళ్లో, పెద్దవాళ్ల ఎదుట నిలబడి, వాళ్ల ఎగతాళి పేర్లు మైకులో చదివే భాగ్యం నాకు దక్కింది.

"గొడుగు కోటయ్య గారూ" అన్నాను.

"నాకసలు గొడుగే లేదు" అన్నాడాయన. కాలరుకి వెనక వేలాడుతూనే ఉంది. డేనియల్ గారు తలూపారు. కాసేపు గొణిగి, ఆ తాలుకాయలు తనవేనని ఒప్పుకున్నాడు.

పరీక్షలు కోటయ్య గారు లేచి, తను పదో తరగతి ఐదుసార్లు రాసిన మాట నిజమే గానీ ఐదోసారి పాసయ్యానని, అది కూడా రాసుకుంటేనే ఒప్పుకుంటానని అన్నాడు. రాసుకున్నాను. పెసరట్టు కోటయ్య గారు ఏనాడో ఒక పెళ్లిలో తను తిన్నది పద్నాలుగే గానీ ఊళ్లో చెప్పుకుంటున్నట్టు ఇరవై కాదని వాదించాడు. కోర్టు కోటయ్య గారు నా మీద కేసు వేస్తానని చెప్పి మరీ ఒప్పుకున్నాడు. రేపొస్తా కోటయ్య గారు మాత్రం ఆ రోజు రాలేదు. రేపొస్తానని కబురు పంపాడు. డేనియల్ గారు ఆలోచించకుండా తలూపారు.

పొద్దు వాలేసరికి ఇరవై ఒక్క గుర్తులు తేలాయి. మిగిలినవి రెండు: బుల్లెట్, కోడి. మిగిలిన మనుషులు కూడా ఇద్దరే.

"బుల్లెట్ కోటయ్య గారూ" అన్నాను. ఇద్దరూ లేచారు.

ఒకాయనకి కోరమీసం. రెండో ఆయన తెల్ల పంచె, తెల్ల తువ్వాలు, ఊళ్లో నాలుగు తగువులు తీర్చే పెద్దమనిషి. ఈయన అంజమ్మ గారి భర్త. ఇద్దరూ బుల్లెట్ నేనే అన్నారు. "కోడి కోటయ్య గారూ" అని పిలిచి చూశాను. పిట్ట కదల్లేదు. డేనియల్ గారి వైపు చూస్తే ఆయన నేల చూస్తున్నారు. కోడి గుర్తున్న వరసలో నలభై టిక్కీలు, తేజ, అంజమ్మ గారు అడ్డం నిలబడ్డ అర. ఆవరణలో ఉన్న ప్రతి ఒక్కరికీ సంగతి తెలుసు. నాక్కూడా తెలిసిపోయింది. కానీ ఆయన నోరు విప్పితే తప్ప టిక్కీలు కదలవు. ఆయనేమో ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతున్నాడు.

అంజమ్మ గారు భర్త దగ్గరికి నడిచింది.

"ఏమయ్యా, నువ్వు జన్మలో బుల్లెట్ ఎక్కావా?"

ఆయన తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"కాయలు కావాలా, పరువు కావాలా? తేల్చు."

"పరువేనే..." అని ఏదో అనబోయాడు.

"అయితే పద. ఇంటికెళ్లి ఆ పరువుతోనే పచ్చడి నూరుకుందాం."

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. ఇలాంటి మాటకి మైకు అక్కర్లేదని ఆయనకి తోచలేదు. "నలభై ఏళ్లయింది. చీకట్లో మా కోడే అనుకుని చంకన పెట్టుకున్నా. ఆ కోడి కోటయ్యని నేనే" అన్నాడు. లౌడ్ స్పీకరు ఆ మాటని రోడ్డవతల పత్తిచేల దాకా మోసుకుపోయింది. డేనియల్ గారు తలూపారు.

ఎవరూ నవ్వలేదు. కోర్టు కోటయ్య మాత్రం మెల్లగా లేచి, "అంటే అది మా కోడేనా?" అన్నాడు. ఆ కేసు ఇంకా నడుస్తోందని విన్నాను.

ఇరవై ఇద్దరి గుర్తులనీ ఆ సాయంత్రమే కొత్త కంప్యూటర్లోకి, ఈసారి ఎక్కడ చూసినా చదవగలిగే అక్షరాల్లో ఎక్కించాను. ఇరవై మూడో ఆయన మర్నాడు కాదు, ఇంకో నాలుగు రోజులకి వచ్చాడు. అంజమ్మ గారి నలభై టిక్కీలు ఆవిడ ట్రాక్టరులోకే ఎక్కాయి. పొద్దుగూకే లోపు డేనియల్ గారు తన కుర్చీలో తాను కూర్చుని, ఆ రోజు పని చేసినవాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకుంటూ నా వంతు దాకా వచ్చారు.

"పేరు బాబూ?"

"కేటీ అండీ."

"పూర్తి పేరు."

తప్పలేదు. "కోటేశ్వరరావు" అన్నాను.

ఆవరణలో ఇంకా ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. "నువ్వూనా?" అన్నాడు గొడుగు కోటయ్య. అంజమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వడం ఆ రెండు రోజుల్లో అదే మొదటిసారి.

డేనియల్ గారు పెన్ను పట్టుకుని ఆలోచించారు. ఉత్త కోటేశ్వరరావు అని రాస్తే ఎవరో ఎలా తెలుస్తుందన్నది ఆయన బాధ. ఆయన కళ్లు మెల్లగా కుర్చీ వెనక గోడ మీదికి, నా నివేదిక మీదికి వెళ్లాయి. తర్వాత తల దించి, నిదానంగా, గుండ్రటి అక్షరాలతో ఒక మాట రాసి, పుస్తకాన్ని నా వైపు తిప్పారు.

'చెత్త కోటయ్య.'

"ఇది మీరన్న మాటే బాబూ. నేను అనలేదు" అన్నారు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఇప్పటికీ ఆ కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాం నేనే చూస్తాను. ఫోన్ చేసి కోటేశ్వరరావునంటే ఏ కోటేశ్వరరావంటారు. కేటీనంటే రాంగ్ నంబరంటారు. మూడో పేరు చెప్పగానే, చెప్పండి సార్, టీ తాగారా అని ఆదరంగా అడుగుతారు. పోయిన నెల అంజమ్మ గారు పంపిన పెళ్లిపత్రిక మీద కూడా 'శ్రీ చెత్త కోటయ్య గారికి, సకుటుంబంగా' అని ఉంది. సకుటుంబం అంటే మా ఆవిడా అందులోకి వస్తుంది కాబట్టి వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కనుక, కొండ మీద కోటయ్య స్వామి సాక్షిగా, కొండ కింద ఇరవై ముగ్గురు కోటయ్యల సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను. నాకు చదవరాని అక్షరం ఎక్కడ కనిపించినా, నాలుగో వెర్షన్ వచ్చినా, నలభయ్యో వెర్షన్ వచ్చినా, పక్కన టీ తాగుతున్న పెద్దమనిషిని అడగకుండా దాన్ని ముట్టుకోను. ఈ మాట తప్పిన రోజున నన్ను అందరూ మళ్లీ కేటీ అని పిలవండి.